తువ్వాలు కింద

రాత్రి పదకొండూ నలభైకి మెయిలొచ్చింది.
"ప్రియమైన భాగస్వామీ" అని మొదలైంది.
అలా పిలిచారంటే
భాగం తగ్గిందని అర్థం.
ఐదేళ్ళుగా చదువుతున్నాను, ఆ మాత్రం తెలుసు.

వంటింటి సామాన్లకి ఎనిమిది శాతం ఉండేది,
ఒకటిన్నర చేశారు.
కిరాణాకి సున్న.
లింకు నొక్కిన రోజులోపు కొంటేనే లెక్క.
మా అక్క కొంటే లెక్కలోకి రాదు.
అక్క తోడికోడలు కొంటే?
దాని మీద రెండు పేరాలున్నాయి,
రెండూ అర్థం కాలేదు.

పాత కరెంటు బిల్లు వెనక లెక్క వేశాను:
ముప్ఫై ఒక్క వేలొచ్చే చోట
ఐదువేల ఎనిమిదొందల చిల్లర.
స్కూటీ కిస్తీ ఐదో తారీఖున.

యార్డులో సీజను.
చుట్టుగుంట వైపు నుంచి మిరపఘాటు వచ్చి
కిటికీ దగ్గర నిలబడింది.
తుమ్మాను. మళ్ళీ చదివాను.
ఎనిమిది అనే అంకె ఎక్కడా లేదు,
అసలెప్పుడూ లేనట్టే.

నాగుల్‌మీరాకి ఫోన్ చేశాను.
"చూశావా?"
"చూశా. పడుకో."
వాడంతే.
వాడి చేతుల మీద పదకొండు మిక్సీలు, నాలుగు గ్రైండర్లు,
లెక్కలేనన్ని కుక్కర్లు నడిచాయి.
వాడు నిమిషాలు చూస్తుంటే నేను కెమెరా ముందు
గోంగూర నూరుతూ చెప్పేదాన్ని:
"మోటారు అరుస్తోంది, పచ్చడి మాత్రం మెత్తన,
మూత బిగువు, చంటిపిల్లలుంటే దూరంగా పెట్టండి."
మధ్యలో తుమ్ములు. కోసెయ్యడం వాడికి బద్ధకం.

మా తాత మిర్చి యార్డులో కాటా గుమస్తా.
ముప్ఫై రెండేళ్ళు ఒకే కమీషను కొట్టు.
తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని
ధర చెప్పుకునే బేరాలు చూసినవాడు.
"ఎదటోడు వేలు ముడిస్తే తెలిసిపోయేదే,
ముందు మీసం కదిలేది" అనేవాడు.

నాదాకా తువ్వాలే వచ్చింది.
కింద చెయ్యి పెట్టి తడుముతున్నాను,
అవతల వేళ్ళు లేవు.

తెల్లారి అరండల్‌పేట టీబంకు దగ్గర
నలుగురం పోగయ్యాం.
ఇక ఏసీలకే రాస్తానన్నాడు బాజీ.
"ఒకటిన్నరైతేనేం, నలభై వేల మీద ఆరొందలు.
ఎండ మనవైపే ఉంది."
ఇంకో కంపెనీ పన్నెండిస్తోందని ఎవరో అంటే
"ఇస్తోందా, ఇస్తానంటోందా?" అని నాగుల్‌మీరా.
చీరల లింకుల సువార్త ఏమీ అనలేదు.
గ్లాసులో బిస్కెట్టు విరిగి మునిగింది,
చెంచాతో వెతుక్కుంటోంది.

ఆ వారమంతా
నాలుగొందల పన్నెండు లింకులు తెరిచాను.
కొన్నిట్లో సరుకే లేదు.
కొన్ని, పెసరట్టు పెనం మీద నొక్కితే
బూట్ల దగ్గరికి తీసుకెళుతున్నాయి.

నాగుల్‌మీరా పట్నంబజారు వెళ్ళి
ఒక స్టీలు కొట్టాయన్ని మాట్లాడొచ్చాడు.
మా పేరు చెప్పి కొంటే మనిషికి యాభై.
కాగితం లేదు, షరతుల్లేవు.
పాత చిట్టాలో నా పేరు రాసుకున్నాడు,
తప్పుగా రాసుకున్నాడు.

శనివారం వెళితే రెండొందలు చేతిలో పెట్టాడు.
"ముగ్గురేగా వచ్చింది, నాగుల్‌మీరా చెప్పాడే?"
"నాలుగో ఆవిడ పేరు మర్చిపోయిందమ్మా.
ఆ తుమ్మే పిల్ల చెప్పింది, అంది.
నువ్వే కదా?"

నేనే.
రెండొందలతో కిస్తీ కట్టలేం, నాకూ తెలుసు.
అయినా ఆ నోట్లని స్కూటీ డిక్కీలో పెట్టలేదు,
ఇంటిదాకా గుప్పిట్లోనే ఉన్నాయి.

నిన్న రాత్రి చేబ్రోలు నుంచి ఒకావిడ:
"అమ్మా, మీరు చెప్పిన గ్రైండర్లో రాయి ఊగుతోంది.
రేపు పొద్దున్నే ఇడ్లీకి పప్పు నానేశాను."
ఎనిమిది శాతం రోజుల్లో కొన్నది.
ఆ డబ్బు ఎప్పుడో ఏ అద్దెలోనో కలిసిపోయింది.
ఈ నట్టుకి ఏ శాతమూ లేదు.

నాగుల్‌మీరాని నిద్రలేపాను.
"పద్నాలుగో నంబరు స్పానరు.
ఎడంపక్కకి తిప్పితే బిగుస్తుందని చెప్పు,
కుడికి తిప్పేరు జాగర్త.
చెప్పేసి
పడుకో."